ముత్యాలమ్మ మలుపులో ఎక్కిన ముల్లు

దసరా పోయి రెండు వారాలు కాలేదు, బిచ్యా బండికి ఏదో సోకిందని తండా అంతా అనుకోసాగింది. అనుకోక ఏం చేస్తారు, చూసినవాళ్ళు ఒకరా ఇద్దరా. తండా నుంచి బూర్గంపాడు సంతకు పోయే దారిలో, అడవి దట్టమయ్యే చోట ఒక మలుపుంది. అక్కడ తునికి చెట్ల కింద పసుపు పూసిన మూడు రాళ్ళున్నాయి. అవే ముత్యాలమ్మ. ఆ దారిన తిరిగే డ్రైవర్లు దిగి దండం పెట్టరు. మలుపు మొదలు నుంచి రాళ్ళు దాటేదాకా హారను మీద చెయ్యి తియ్యకుండా పోతారు, అదే వాళ్ళ మొక్కు. బిచ్యా కూడా పికప్ కొన్న నాటి నుంచి అట్లాగే మొక్కుతున్నాడు. అంత భక్తిగా మొక్కేవాడికే, సరిగ్గా ఆ రాళ్ళ ముందుకు రాగానే, ఇంజను వేడి చూపించే ముల్లు లేచి ఎర్రగీత మీదికి పోతున్నది.

మొదటిసారి చూసినప్పుడు వాడు గబుక్కున బ్రేకు తొక్కాడు. బండి ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి భయంభయంగా తిప్పాడు. ఆవిరి లేదు, పొంగు లేదు. ఇంజను మీద చెయ్యి పెడితే రోజూ ఉండే వేడే. మళ్ళీ ఎక్కి చూస్తే ముల్లు ఏమీ ఎరగనట్టు మధ్యకు వచ్చి కూర్చుంది. పోనీలే అనుకుంటే, సంత ముగించుకుని చీకటి పడేవేళ తిరిగొస్తుంటే, లైట్లు వేసుకున్న అదే మలుపులో మళ్ళీ లేచింది. ఈసారి తండా చేరేదాకా దిగలేదు. వెనక బెంచీల మీద కిరాయికి ఎక్కిన తండావాళ్ళు మాట్లాడటం మానేశారు, ముందు సీట్లో ఉన్న సోమ్లి మాత్రం కళ్ళు మూసుకుని అమ్మవారికి మొక్కుతూనే ఉంది.

సోమ్లి బిచ్యా పెళ్ళాం. ఆ పికప్ మీద మొగుడికెంత హక్కుందో ఆమెకు అంతకంటే ఎక్కువే ఉంది. ఆమె కాళ్ళ కడియాలూ చెంపల మీద ఊగే వెండీ పోతేనే ఆ పాత డీజిల్ బండి గుమ్మంలోకి వచ్చింది. వెండి పోయిందని ఆమె ఏనాడూ ఏడవలేదు, కాకపోతే ముందు సీటు తనదేనని గట్టిగా చెప్పింది. సంత రోజు పూసల రవిక వేసుకుని ఆ సీట్లో కూర్చుంటే, నడిచిపోయే ఆడవాళ్ళు తలలు తిప్పి చూసేవాళ్ళు. అది చూసి బిచ్యాకు లోలోపల ఎంత గర్వమో చెప్పలేం.

అటువంటి మనిషి ఆ తర్వాతి సంతకు మలుపు రాకముందే బండి ఆపమంది. దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, రాళ్ళ ముందు నుంచి నడిచి అవతల ఎక్కింది. అయినా ముల్లు లేచింది. ఆ పై వారం అసలు ఎక్కనే లేదు. చింతపండు గంప నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళలో కలిసింది. ఎందుకని అడిగితే ఒక్కటే మాట అన్నది.

"దసరా నాడు బండికి పూజ చేసింది నేనే. అండ్ల ఏందో తప్పు జరిగింది. నేను కూసుంటే అమ్మ కాగుతాంది."

ఇంటి మనిషే ఎక్కని బండిలో ఊరివాళ్ళు ఎక్కుతారా. వెనక రెండు బెంచీలూ ఖాళీ అయ్యాయి. బిచ్యా ఖాళీ బండి తోలుకుంటూ పోతుంటే, దుమ్ములో నడిచిపోతున్న సోమ్లి పక్కకు జరిగి దారి ఇచ్చింది. మొగుడి మొహం కేసి చూడలేదు. ఆ పూట వాడు ఒక్కటే అనుకున్నాడు. ఆమె మళ్ళీ ముందు సీట్లో కూర్చోవాలి, అంతే. కూర్చోకపోతే ఆ వెండి పోయినందుకు అర్థమేముంది?

పాల్వంచ రోడ్డు మీద పగిడయ్య అని మెకానిక్ ఉన్నాడు. బొగ్గుబావుల వర్క్‌షాపులో చేసి చేసి బయటికొచ్చి షెడ్డు పెట్టుకున్నాడు. చెప్పిందంతా విని, ఇది సెన్సార్ రోగం అని తేల్చేశాడు. ఇంజను తలకాయకు బొటనవేలంత ఇత్తడి బుడిపె ఒకటి బిగించి ఉంటుంది. నీళ్ళ వేడి దానికి తగిలితే అది వైరు గుండా మీటరుకు చెప్తుంది. అది పిచ్చిదైతే ముల్లూ పిచ్చిదవుతుంది. పాతది పీకి కొత్తది వేశాడు. ఆ కొత్తదీ మలుపులో లేచింది. డూప్లికేటు మాలు అంటగట్టారని షాపువాణ్ణి తిట్టి ఖమ్మం నుంచి ఇంకోటి తెప్పించాడు. అదీ లేచింది.

పగిడయ్యకు రోషం వచ్చింది. ఎదురుగా ఉన్న టీ కొట్టు పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టించి, మూడు సెన్సార్లనూ ఒకదాని తర్వాత ఒకటి వైరు కట్టి గిన్నెలో ముంచాడు. ముల్లు ప్రతిసారీ బుద్ధిగా ఎక్కింది, బయటికి తీస్తే బుద్ధిగా దిగింది. మూడూ మంచివే. మొదట పీకి పక్కన పడేసిన పాతది కూడా మంచిదే. వైరు మార్చాడు, రేడియేటర్ కడిగాడు, మీటరు విప్పి ఊది మళ్ళీ పెట్టాడు. షెడ్డు ముందు పట్టపగలు గంటసేపు ఇంజను నడిపినా ముల్లు కదిలితే ఒట్టు. ఇక తనకు చాతకాదని చేతులెత్తేసి, ఓసారి పూజారిని అడిగి చూడమన్నాడు. మెకానిక్కే పూజారి దగ్గరికి పొమ్మంటే ఇక ఎవరి దగ్గరికి పోవాలో బిచ్యాకు తోచలేదు. చెయ్యి రోజూ ఉండే వేడేనంటుంది, ముల్లు మండుతున్నదంటుంది, పెళ్ళాం పాపమంటుంది. ముగ్గురిలో ఎవరిని నమ్మాలి?

ఆ మధ్యాహ్నం ఒక్కడే తిరిగొస్తూ మలుపు దగ్గరికి వచ్చేసరికి వాడికి ముత్యాలమ్మ మీదే కోపం వచ్చింది. ఇన్నాళ్ళు మొక్కినందుకు ఇదా ఫలితం అనుకున్నాడు. అలిగి, హారను మీద చెయ్యే వెయ్యలేదు. మొహం అటు తిప్పుకుని రాళ్ళు దాటేశాడు. దాటాక మీటరు చూస్తే ముల్లు ఉన్నచోటే ఉంది.

వాడు బండి ఆపాడు. మొక్కితే కోపం, మొక్కకపోతే శాంతమా? ఇదెక్కడి దేవత? వెనక్కి తోలి, ఈసారి హారను గట్టిగా నొక్కిపట్టి వచ్చాడు. ముల్లు లేచింది. నా హారనంటేనే గిట్టదా తల్లీ అనుకున్నాడు. ఇంతలో వెదురు లారీ ఒకటి చెవులు పగిలేట్టు మోగించుకుంటూ పోయింది, దానికేమీ కాలేదు. బిచ్యాకు బుర్ర తిరిగిపోయింది. బండి తిప్పి అడవి బయటికి, ఏ దేవతా లేని వరిచేల మధ్యకు పోయి ఆపాడు. హారను నొక్కి వదల్లేదు. గట్టు మీద గొర్రెలు కాసే ముసలాయన లేచి నిలబడ్డాడు. అక్కడా ముల్లు ఎక్కింది. పట్టపగలు హెడ్‌లైట్లు వేశాడు. ఇంకా ఎక్కింది. ఆర్పితే దిగింది.

అంటే ఇది అమ్మ పని కాదు. వాడి గుండెల మీద నుంచి బండరాయి దిగింది, కానీ దాని జాగాలో ఇంకో అయోమయం ఎక్కి కూర్చుంది. హారనుకూ నీళ్ళ వేడికీ ఏం సంబంధం? ఊళ్ళల్లో పీకు పీకుమని కొట్టేటప్పుడు ముల్లు లేవడానికి సమయం చాల్లేదు. అంతసేపు నొక్కిపట్టేది ఒక్క ముత్యాలమ్మ ముందే. సాయంత్రం లైట్లు వేసేదీ అడవి చీకటి మొదలయ్యే ఆ మలుపులోనే. ఇంతవరకు అర్థమైంది, ఆ పైన అర్థం కాలేదు. బండి మళ్ళీ పాల్వంచ వైపు తిప్పాడు.

పగిడయ్య ఈసారి సెన్సార్ జోలికి పోలేదు. హారను నొక్కించి చూసి, బానెట్‌లోకి వంగి, ఇంజనుకూ బండి బాడీకీ మధ్య వేలాడే జడలాంటి రాగి పట్టీ దగ్గర ఆగాడు. పట్టీ తళతళలాడుతున్నది. దాన్ని చూడగానే బిచ్యాకు దసరా ముందటి రోజు గుర్తొచ్చింది. బ్యాటరీ, పట్టీ విప్పి పక్కన పెట్టి, తనే కుంచెతో లోపలంతా నీలిరంగు వేశాడు. సోమ్లి పూజకు ఇంట్లో రాగి సామాన్లన్నీ చింతపండుతో తోముతూ, నల్లబడ్డ ఆ పట్టీనీ తీసుకుని మెరిసేదాకా తోమింది. తను మురిసిపోయి దాన్ని తెచ్చి, ఆరిన రంగు మీదే పెట్టి బోల్టు బిగించాడు.

"ఎర్తు లేదురా బిచ్యా," అన్నాడు పగిడయ్య. "హారన్‌కు, లైట్లకు పోయిన కరెంటు ఈ పట్టీ మీదికెల్లే మర్లి రావాలె. నువ్వు రంగుతోని తొవ్వ మూసినవ్. అది తొవ్వ దొరకక మీటర్ల పడ్డది."

చాకుతో బోల్టు కింద రంగంతా గీకి, ఇనుము తెల్లగా కనపడ్డాక పట్టీ బిగించారు. ఇద్దరూ హారను నొక్కి చూశారు. ముల్లు కదల్లేదు. బిచ్యాకు సంతోషించాలో లేదో తెలియలేదు. ఇన్నాళ్ళు ఊరికే ఎక్కిన ముల్లు ఇప్పుడు ఊరికే ఉంటే, బాగయిందని ఎట్లా నమ్మడం, చచ్చిపోయిందేమో? పగిడయ్య కసురుకుంటే తప్ప వాడు షెడ్డు నుంచి కదల్లేదు.

మర్నాడు సంత. గంపతో పోతున్న సోమ్లిని మలుపుకు ఇవతలే అందుకున్నాడు. మిగతా ఆడవాళ్ళు మలుపు దాటి ముందు పోతున్నారు. పక్కన బండి ఆపి, జరిగిందంతా చెప్పాడు. ఆమె గంప దించకుండా విన్నది.

"నేను తోమినందుకేనా మరి?"

"నువ్వు తోమింది మంచిగనే ఉన్నది. దాని కింద నా రంగు అడ్డమొచ్చింది. తప్పు నాది."

"అమ్మకు కోపం లేదా?"

"నాకేం తెల్సు సోమ్లీ," అన్నాడు బిచ్యా. వాడికి నిజంగానే తెలియదు.

ఆమె గంప వెనక పెట్టి, ముందు సీట్లోకి ఎక్కింది. బండి కదిలింది. మలుపు వచ్చింది. బిచ్యా చెయ్యి హారను దాకా పోయి అక్కడే ఆగిపోయింది. ముల్లు మళ్ళీ లేస్తే ఈమె ఇక ఈ జన్మలో ఎక్కదు. పికప్ మెల్లగా రాళ్ళ ముందుకు వస్తున్నది.

సోమ్లి పక్క నుంచి వంగి, గాజులు గలగలమంటుండగా, తనే హారను మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. ఇద్దరూ దారినీ చూడలేదు, దేవతనూ చూడలేదు. ముల్లునే చూస్తున్నారు. అది మధ్యలోనే ఉంది. రాళ్ళు దాటిపోయాయి, చెట్లు పలచబడ్డాయి.

"దాటినం, తియ్యి," అన్నాడు బిచ్యా.

ఆమె తియ్యలేదు. ముందు నడుస్తున్న ఆడవాళ్ళంతా ఆగి వెనక్కి తిరిగేదాకా నొక్కుతూనే ఉంది. తిరిగాక చెయ్యి తీసి, పూసల రవిక సర్దుకుని, సీట్లో వెనక్కి ఆనుకుంది.

"ఆపు," అన్నది. "ఆళ్ళను ఎక్కించుకో."