పట్టు వదలని ముక్క

చొక్కా కాలర్ మీద జిడ్డు ఎంత రుద్దినా వదలడం లేదు. ఆమె మళ్ళీ సబ్బు రాసింది. పదకొండేళ్లుగా అదే మెడ, అదే జిడ్డు. "రేపు కార్ఖానాకి సరుకు కొనేవాళ్ళు వస్తున్నారు, ఆ చొక్కాయే కావాలి. నువ్వు మాత్రం నా పక్కన నిలబడకు, మైనం కంపు కొడతావు" అన్నాడు మొగుడు. ఇద్దరిదీ ఒకటే కార్ఖానా. అతను సూపర్‌వైజరు, ఆమె పొడి కలిపే మనిషి.

ఇనుప పొడిలో కాస్త సిలికాన్, మైనం, ప్లాస్టిక్ కలిపి, వేడి మీద అచ్చులోకి ఎక్కించి, మైనం పోగొట్టి కొలిమిలో కాలిస్తే ముక్క తయారు. ఖరీదైన నికెల్ అక్కర్లేదు. చుట్టిన తీగలో కరెంటు ఉన్నంతసేపే అది అయస్కాంతం, తీసేస్తే పట్టుకున్నదాన్ని వదిలెయ్యాలి. మైనాన్ని మూడు రోజులు సన్నసెగ మీద పోగొట్టాలని కనిపెట్టింది ఆమే. తొందరపడితే లోపల మసి మిగిలి ఇనుము మొండికేస్తుంది, పట్టు వదలదు. ఆ మాట చెబితే "వంటింటి తెలివి కొలిమి దగ్గర చూపించకు" అన్నాడు. ముక్కలు బాగా వచ్చాక యజమానితో "నా ఐడియానే సార్" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. కొనేవాళ్ళకు చూపించే ముక్కలకు ఆమె పొడి కలిపి ఇవ్వగానే, "అమ్మకి నడుం పట్టేసింది, సెలవు పెట్టు" అని ఇంట్లో కూర్చోబెట్టాడు. "ఇనుము పిసికిన చేతులతో నా నడుం పట్టకే, ముందు కడుక్కో" అంది అత్తగారు.

మర్నాడు టీలు అందించడానికి మాత్రం ఆమెను కార్ఖానాకి రమ్మన్నాడు. ఆమె చేతిలో టీ ట్రే. అందరి ముందూ మొగుడు ముక్కకు తీగ చుట్టి కరెంటు ఇచ్చాడు. గుండుసూదులు గుత్తిగా అంటుకున్నాయి. కరెంటు తీశాడు. ఒక్కటీ రాలలేదు. విదిలించాడు. ఊహూఁ.

"ఏంటయ్యా ఇది?" అన్నాడు యజమాని.

చెమట అతని మెడ మీంచి, ఆమె ఉతికిన కాలర్‌లోకి దిగుతోంది. "పొడి కలిపింది ఇదే సార్. ఏమే, నీ పొరపాటేనని చెప్పు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. ఇతను కాళ్ళ దాకా వచ్చి కూడా జుట్టే పట్టుకున్నాడు. జిడ్డు తగిలినట్టు ఆమె ఒళ్ళు జలదరించింది. ట్రే అతని చేతుల్లో పెట్టింది.

"పొడిలో తప్పు లేదు సార్. నేను పొడి కలిపి ఇచ్చి మూడు రోజులైనా కాలేదు, మూడు రోజుల సెగ ఈయన ఒక్క రోజులో లాగించేశారు. ఆ పద్ధతి నాది. నాకు మళ్ళీ మూడు రోజులివ్వండి, కొలిమి తాళం నా దగ్గరే ఉండాలి."

కొనడానికి వచ్చిన పెద్దావిడ పెన్ను తీసింది. "నీ పేరు చెప్పమ్మా, రాసుకుంటాను."

ఆమె చెప్పింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"టీ చల్లారుతోంది, అందరికీ ఇవ్వండి. ఆ కాలర్ ఇక మీరే ఉతుక్కోండి, నేను ఆ ఇంటికి రావడం లేదు."