గదికి ఒక్కరు

నా భార్య గదిలోకి అడుగు పెడితే నేను బయట ఉంటాను. ఎవరూ నెట్టరు, తలుపు తగలదు. ఆమె కుడికాలు గడప దాటి లోపలి బండ మీద ఆనగానే నేను గేటు పక్కన బోరింగు దగ్గర నిలబడి ఉంటాను. చేతిలో టీ గ్లాసు ఉంటే అది కూడా నాతోనే ఉంటుంది, ఒక్క చుక్క తొణకదు. ఆమె లోపల ఉండగా నేను అడుగు పెడితే బోరింగు దగ్గర ఆమె ఉంటుంది.

ఇందులో వింతేమీ లేదు. సదనం ముందు గోడ మీద నీలిరంగుతో రాసే ఉంది: సైనికుడికి ఒక గది, గదికి ఒక్కరు. ప్రభుత్వం కట్టిన గోడలు ప్రభుత్వం మాటే వింటాయి. వినకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వింటే ఏముంది.

సదనం ఊరి చివర, నల్లమల వైపు పోయే రోడ్డు మీద ఉంది. నిలువ నీడ లేని మాజీ సైనికుల కోసం కట్టారు. వరుసగా గదులు, ముందు పొడుగాటి వరండా. కొత్త భవనమే గానీ ప్రతి గుమ్మానికీ గడప మధ్యలో అరిగి గుంట పడి ఉంది. వచ్చిన రోజునే చూశాను. కాంట్రాక్టరు ఎక్కడివో పాత గడపలు తెచ్చి బిగించాడని తిట్టుకున్నాను.

నా పేరు తిరుపాలు. ఆర్మీలో నాయక్‌గా దిగిపోయాను. ఎడమ పాదాన్ని మంచు తినేసింది. వేళ్ళు లేవు, మిగిలినదానికి స్పర్శ లేదు. మేకు దిగినా కళ్ళతో చూస్తే తప్ప తెలియదు. ఆర్మీ నుంచి వచ్చాక పలకల ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌గా ఉన్నాను. ఫ్యాక్టరీ మూతపడింది. దానితో పాటే గేటు పక్కన మాకిచ్చిన రేకుల గదీ పోయింది. సదనంలో గది ఇచ్చారని తెలిసి నా భార్య కాశమ్మ కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. కుక్కర్ నాతో పాటు లోపల ఉంది. ఆమె లేదు.

కాశమ్మ బస్టాండులో పడుకుంటుంది. అక్కడ ఆడవాళ్ళ వెయిటింగ్ హాలు ఉంది. ఆ హాలు ఊడ్చే ఆయమ్మ మంచిది, చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. తెల్లవారగానే కాశమ్మ సదనానికి వస్తుంది. బోరింగు దగ్గర కూర్చుని మాట్లాడుకుంటాం. పొద్దెక్కాక ఆమె వంట చేయడానికి లోపలికి పోతుంది, నేను బోరింగు దగ్గరే ఉంటాను. కుక్కర్ కూతలు లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పని ఉండదు.

పోస్టును ఖాళీగా వదిలి పోకూడదు, వచ్చేవాడికి అప్పజెప్పి పోవాలి. సంత్రీ డ్యూటీలో నేర్చుకున్న ఆ అలవాటు నాకు పోలేదు. ఆమె లోపలికి పోయే ముందు గుమ్మం దగ్గర నిలబడి అప్పజెబుతాను. మంచం ఒకటి. ట్రంకు పెట్టె ఒకటి. ఫ్యాను తిరుగుతోంది. కాశమ్మ "సబ్ ఠీక్" అంటుంది. నేను నేర్పిందే. ఇదివరకు ఫ్యాక్టరీ గదిలో మేమిద్దరం ఒకే ఫ్యాను కింద పడుకునేవాళ్ళం, దానికి ఒక రెక్క లేదు. నాకు మళ్ళీ ఆమెతో ఒకే ఫ్యాను కింద పడుకోవాలని ఉంది. ఇంకేమీ అక్కర్లేదు.

గది వదిలేసి ఇద్దరం బస్టాండుకు పోవచ్చు కదా అంటే, పోకూడదు. సాయంత్రం గిన్తీ ఉంటుంది. సదనం బాధ్యత చూసే సుబేదార్ జోజప్ప గది గదికీ వచ్చి తలలు లెక్కపెడతాడు. గిన్తీలో ఖాళీగా కనిపించిన గది మర్నాటికి ఉండదు. మూల గదిలో ఉండే లాన్స్‌నాయక్ కూతురి పురుడుకి పోయి వచ్చేసరికి తలుపు ఉన్నచోట గోడ ఉంది. సున్నం కూడా వేసేశారు. ఆయన కాసేపు గోడను తట్టి చూసి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

వానలు మొదలవుతాయి. కాశమ్మకు జ్వరం వస్తుంది. బోరింగు దగ్గర ముసుగేసుకుని వణుకుతూ కూర్చుంటుంది.

"లోపలికి పోయి పండుకో," అంటాను.

"గిన్తీకి నువ్వుండాల కదయ్యా."

"ఒకరుంటే చాలు. ఎవరని గోడ మీద రాయలేదు."

మంచం, ట్రంకు, ఫ్యాను అప్పజెబుతాను. ఆమె పోతుంది. జోజప్ప వచ్చి గుమ్మంలోంచి చూస్తాడు. కాశమ్మ నా టోపీ పెట్టుకుని దుప్పటి కప్పుకుని మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. "హాజిర్ సాబ్," అంటుంది. ఆయన "ఒకటి" అని పక్క గదికి పోతాడు. బోరింగు దగ్గర తడుస్తున్న నన్ను చూడడు. నేను లెక్కలో లేను కాబట్టి చూడాల్సిన పని ఆయనకు లేదు.

బస్టాండుకు పోతాను. ఆయమ్మ హాలు గుమ్మంలో చీపురు అడ్డం పెడుతుంది. "మగోళ్ళు రాగూడదు నాయనా." బయట బల్ల మీద కూర్చుంటాను. జల్లు కొడుతోంది. నాకు బాధగా ఉందేమో అని చూసుకుంటాను. పాదం దగ్గర మొదలైన తిమ్మిరి ఇప్పుడు మోకాలు దాటి తొడ దాకా వచ్చింది. బాధ ఉంటే అంతకంటే పైన ఎక్కడో ఉండాలి. వెతికే ఓపిక లేదు.

పొద్దున కాశమ్మ జ్వరం తగ్గి బోరింగు దగ్గరికి వస్తుంది.

"నాకు నిద్రే పట్టలా. నువ్వు యాడ తడస్తాండావో అని ఫ్యాను వంక చూస్తా కూర్చున్నా. ఇంక నేను పోను. సస్తే బస్టాండులోనే సస్తా."

"నువ్వు సస్తే గది ఎవరికి అప్పజెప్పాల?"

అనకూడని మాట. ఆమె మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చుంటుంది. నా నోటికి స్పర్శ లేకుండా పోయిందని అప్పుడు తెలుస్తుంది.

పక్క గదిలో హవల్దార్ దస్తగిరి ఉంటాడు. నాకంటే పెద్దవాడు, ట్యాంకులు తోలినవాడు. సెల్యూట్ చేసేటప్పుడు ఆయన గోళ్ళకు గోరింటాకు కనిపిస్తుంది. ఎవరి ముచ్చట వాళ్ళది అని నేనెప్పుడూ అడగలేదు. ఆయన వరండాలోకి వచ్చి మా ఇద్దరినీ చూస్తాడు.

"తమ్ముడూ, గది నీది. బయట అందరిదీ. గడప ఎవరిది?"

ఆలోచిస్తాను. "ఎవరికీ ఇచ్చినట్టు లేదన్నా."

"అయితే దాని మీద కూచోండి. ఎదురుబొదురుగా. ఒక కాలు లోపల, ఒక కాలు బయట."

"లోపల ఇద్దరమవుతాం కదా."

"రెండు సగాలు ఎంత?"

చెప్పి ఆయన కుడిచెయ్యి చాపుతాడు. చిన్న చెయ్యి. మణికట్టుకు మట్టిగాజులున్నాయి. "ఇది మా ఇంటామె మస్తానమ్మది. ఎడమది యాడుందని మాత్రం అడగొద్దు," అని తన గదిలోకి పోతాడు. ఆయన నడకలో ఒక అడుగు పెద్దది, ఒక అడుగు చిన్నది.

సాయంత్రం గిన్తీకి ముందు మేమిద్దరం గడప మీద కూర్చుంటాం. మధ్యలోని గుంట మాకు సరిగ్గా సరిపోతుంది. పాపం, కాంట్రాక్టరును ఊరికే తిట్టాను. ఎదురెదురుగా కూర్చున్నాం కాబట్టి నా ఎడమవైపు లోపల, ఆమె కుడివైపు లోపల.

"తిరిగి కూచుందాం. నా మంచి కాలు బయట పోతాంది," అంటాను.

"పోనీయ్. నడవాల్సింది అదే గదా."

"నీ గుండె కూడా బయటే పడతాంది."

"దానికీ నడిచే పనుంది. నీది లోపలుండనీ, తడస్తే నీకు దగ్గు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఎప్పటి నుంచో ఇంత దగ్గర నుంచి చూడలేదు. ఆమె ముక్కుపుడక పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. దాన్ని మరిచిపోయినందుకు నాకు సిగ్గుగా ఉంది. అప్పుడు మేం సగాలవుతాం. పాత పంచె చింపినంత చప్పుడు కూడా రాదు.

లోపల ఒక మనిషి లేచి నిలబడతాడు. నా ఎడమ సగం, ఆమె కుడి సగం. బయట ఇంకొక మనిషి లేచి చీర కుచ్చెళ్ళు సగం, ప్యాంటు సగం దులుపుకుంటాడు. ఎవరూ ఎవరికీ అప్పజెప్పుకోలేదని నాకు తర్వాత గుర్తొస్తుంది.

గదిలో నడవడం తేలిక. నాకు పాదం తెలియని చోట ఆమె పాదం గట్టిగా ఆనుతుంది. మంచం మీద పడుకుంటాం. మంచం ఒక మనిషికి చేసిందే కాబట్టి ఇరుకు లేదు. ఫ్యాను తిరుగుతోంది. దీనికి అన్ని రెక్కలూ ఉన్నాయి. నాకు సంతోషంగా ఉంది, ఎడమవైపు మాత్రమే.

జోజప్ప వస్తాడు. లేచి నిలబడి ఆమె చేత్తో సెల్యూట్ చేస్తాం. గాజులు మోగుతాయి. ఆయన తిరిగి సెల్యూట్ చేస్తాడు. ఆయన కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది, ఆడవాళ్ళు పొడిపించుకునే రకం. ఎప్పటి నుంచో ఉండి ఉంటుంది, నేను ఇవాళే చూస్తున్నాను. "ఒకటి," అని ఆయన వెళ్ళిపోతాడు.

నా ఎడమ కన్ను ఫ్యానును చూస్తోంది. కుడి కన్ను రోడ్డును చూస్తోంది. బయటి మనిషి గేటు దాటాడు. కుడికాలికి నా బూటు, ఎడమకాలికి కాశమ్మ హవాయి చెప్పు. వాన కొడుతోంది. దారిలో మేం మాట్లాడుకోము. ఉన్న ఒక్క నోరు వణుకుతోంది.

బస్టాండులో ఆయమ్మ లాంతరు ఎత్తి మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూస్తుంది.

"కాశమ్మా, నువ్వు రా. ఆ పక్క సగం వద్దు."

"వాన గదా అక్కా."

"రూలు నాది కాదమ్మా. నువ్వైతే రా."

కాశమ్మ ఎడమ సగం లోపలికి పోతుంది, గుండెను కొంగు కింద దాచుకుని. నా కుడి సగం గుమ్మం బయట ఒంటికాలి మీద నిలబడుతుంది. మంచి కాలే కాబట్టి నిలబడగలుగుతుంది. సంత్రీగా ఇంతకంటే ఘోరమైన చోట్ల నిలబడ్డాను.

కాసేపటికి వానలోంచి దస్తగిరి కుడి సగం వస్తుంది. మస్తానమ్మ సగాన్ని హాలు లోపలికి పంపి నా పక్కన నిలబడి భుజం పట్టుకుంటాడు. ఆయన వెనక సదనంలోని మిగతావాళ్ళు, ఒక్కొక్కరే. వరుస కడతాం. ఒంటికాళ్ళ మీద పడిపోకుండా ఒకరి భుజం ఒకరు పట్టుకుంటాం. గది గోడైపోయిన లాన్స్‌నాయక్ ఒక్కడే పూర్తిగా ఉన్నాడు. ఆయన వరుస చివర నిలబడి మా అందరి బరువూ ఆపుతున్నాడు.

అందరికంటే వెనక సుబేదార్ జోజప్ప కుడి సగం వచ్చి నా ముందు ఆగుతుంది. ఆ చేతి మీద పచ్చబొట్టు లేదు.

"తిరుపాలూ, నీ భార్య యాడుంది?"

"లోపల పండుకుంది సాబ్."

"ఏ లోపల?"

"సగం ఈ లోపల, సగం ఆ లోపల."

ఆయన కాసేపు లెక్క వేసుకుంటాడు. "అయితే మొత్తం లోపలున్నట్టే."

"అవును సాబ్."

"మంచిది. బదిలీ వచ్చేదాకా నిలబడు," అని తనూ వరుసలో చేరి నా రెండో పక్కన నిలబడి ఉన్న ఆ ఒక్క భుజమే పట్టుకుంటాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. మాకు బదిలీగా రావలసినవాళ్ళు ఎవరో ఎవరూ అడగరు.

వాన పెరుగుతుంది. హాలు తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది. లోపలి నుంచి ఎడమ చేతులు బయటికి వస్తాయి, మేం ఎన్ని సగాలుంటే అన్ని. గాజులున్నవి, లేనివి, గోరింటాకు పెట్టుకున్నవి. ఒక్కొక్క చెయ్యి చీకట్లో తడుముకుంటూ తన సగాన్ని వెతుక్కుంటుంది. కాశమ్మ చెయ్యి నా చెవిని తడిమి, గుర్తుపట్టి, తడి తల మీద కొంగు కప్పుతుంది.

సరిగ్గా అప్పుడే గదిలో ఆమె కుడిచెయ్యి నా పాదం మీదికి దుప్పటి లాగుతుంది. స్పర్శ లేని పాదం అది. అయినా చుట్టూ దోపి, రెండుసార్లు తట్టి, అక్కడే ఉంటుంది. ఆమె రెండు చేతుల మధ్య ఊరంతా తడుస్తోంది.