వెనక చక్రాల కింద నిమ్మకాయలు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మదనపల్లెలో ఇరవై ఏళ్లుగా కార్ల షెడ్డు నడుపుతున్నాను, ఈ జాకబ్ నోటికి జడవని మనిషి లేడు. అలాంటి నేను ఆ రోజు కోపం తెచ్చుకోవాల్సిన చోట తెచ్చుకోలేదు. ఇప్పటికీ నా మీద నాకే మంట.

రెండువేల నాలుగు, ఆగస్టు. టమోటా మండీ వినోద్ బెంగళూరులో రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. బండి నేలకు కరుచుకుని కనబడాలని వాడి మోజు. పొట్టి స్ప్రింగులు తెచ్చాడు, నేను బిగించాను. బండి కిందికి దిగితే వెనక చక్రాల ముందంచులు బయటికి విచ్చుకుంటాయి, వేగంలో తోక ఊపుతుంది. ఆ చక్రాలను మళ్లీ సరిచేయాలి. అందుకు బెంగళూరులో కంప్యూటర్ ఉంది, నా దగ్గర పట్టుదారం ఉంది. బండికి రెండు పక్కలా దారం లాగి కట్టి, దారానికీ చక్రానికీ మధ్య సందు స్కేలుతో కొలుస్తాను. "బెంగళూరోళ్ల కంటే మేలుగా చేస్తా" అని కోతలు కోసింది కూడా నేనే.

ఆ పొద్దున వినోద్ ఆ కారులోనే కుప్పం పోవాలి. పుట్టింట్లో ఉన్న పెళ్లాం నవనీతను, మూడు నెలల బిడ్డను ఇంటికి తేవాలి. వాడి తల్లి కాంతమ్మ నాలుగు నిమ్మకాయలతో షెడ్డుకొచ్చి కూర్చుంది.

వెనక చక్రాలను సరిచేసే రాడ్ల నట్లు తిప్పి జాకీ దించాను. జాకీ దించాక బండిని పది అడుగులు ముందుకూ వెనక్కూ తొయ్యాలి. అప్పటిదాకా స్ప్రింగులు కుదురుకోవు, కొలత నిజం చెప్పదు. తొయ్యబోతుంటే కాంతమ్మ అడ్డం నిలబడింది.

"కదిలించొద్దప్పా! నిమ్మకాయలు తొక్కకుండా బండి అడుగు కదలకూడదు. తొమ్మిదిన్నరకు మంచి టైము ఉండాది."

"తోసే కొలవాలమ్మా."

"నిలబెట్టే కొలువు. బిడ్డను తెచ్చే బండి, యాల మొండికేస్తావు?"

బిడ్డ మాట వచ్చేసరికి మెత్తబడ్డాను. నిలబెట్టే కొలిచాను. సందు సరిగ్గా ఉంది. తొమ్మిదిన్నరకు వినోద్ నిమ్మకాయలు తొక్కించి రయ్యిమని వెళ్లిపోయాడు.

మనసు మనసులో లేదు. స్పానరు తీస్తాను, పెడతాను. చీపురు పట్టుకుని నిమ్మతొక్కలు ఊడ్చబోయి ఆగిపోయాను. ముందు చక్రాల కింది కాయలు రెండూ ఉన్నచోటే అణిగి ఉన్నాయి. వెనకవి రెండూ బయటికి ఈడ్చుకుపోయి, తొక్క మెలితిరిగి ఉంది. చక్రం దొర్లుతూనే పక్కకు జారింది. అంటే బండి కదిలాక స్ప్రింగులు దిగాయి, చక్రాలు విచ్చుకున్నాయి. నా కొలత ఉత్తదే.

చీపురు పారేశాను. వినోద్‌కు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడు. ఆ బండి మోతలో ఏం వినబడుతుంది వాడికి! దారం, సామాన్ల సంచీ స్కూటరుకు తగిలించుకుని పుంగనూరు రోడ్డెక్కాను. సన్నగా తుంపర. ప్రతి మలుపులో బండి పల్టీ కొట్టి ఉందేమోనని వెతికాను. ప్రభువా, ప్రభువా అంటూనే నన్ను నేను బూతులు తిట్టుకున్నాను.

పుంగనూరు ఇంకా రాకముందే ఒక మలుపులో కారు కనబడింది, మూతి మదనపల్లె వైపు తిరిగి, సగం పొలంలో. ఎదురుగా చౌడమ్మ టీకొట్టులో వినోద్ కూర్చుని ఉన్నాడు. వాడి ఒంటి మీద గీత కూడా పడలేదు.

"దిష్టి తగిలిందన్నా. బ్రేకు తొక్కితే ఎనక నుంచి ఎవురో తోసినట్ల తిరుక్కునింది. పొద్దున ఊరంతా సూసింది గదా."

దిష్టి అంటే దిష్టే అనుకుని ఊరుకుంటే నా పేరు చెడదు. సిగ్గుచేటే గానీ, ఒక్క క్షణం ఊరుకుందామనే అనిపించింది. ఆ తర్వాత కారులో డ్రైవరు పక్క సీటు కనబడింది. బిడ్డ కోసం మెత్తటి దుప్పటి పరిచి ఉంది.

"దిష్టీ లేదు, పాడూ లేదు. తప్పు నాది. తొయ్యకుండా కొలిచినాను."

వాడు తిడతాడనుకున్నాను. లేచి బండి వైపు నడిచాడు, అదే నాకు కష్టమైంది. టీకొట్టులో ఉన్న ఇద్దరిని పిలిచి, నలుగురం కలిసి బండిని రోడ్డు పక్క చదునుకు చేర్చాం. దారం కట్టాను. నట్టు తిప్పడం, తొయ్యడం, కొలవడం. మూడుసార్లు చేశాను. నేనే నడిపి నాలుగు మలుపులు తిప్పుకొచ్చి, వినోద్‌ను కాంతమ్మకు ఫోను కలపమన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నువ్వు వద్దన్నా నేను తొయ్యాల్సిందమ్మా. నీ నిమ్మకాయలే నా తప్పు సూపించినాయి."

కాంతమ్మ ఏడ్చింది. "బిడ్డ ఎక్కకముందే తెలిసింది గదప్పా," అంది చివరికి. "ఈతూరి తోసి కొలిచినావా?"

"మూడుసార్లు."

"అయితే ఇంకో రెండు పెట్టి పంపు."

చౌడమ్మ దగ్గర రెండు కాయలు అడిగి వెనక చక్రాల ముందు నా చేత్తోనే పెట్టాను. బండి వెళ్లాక తడి రోడ్డు మీద మోకాళ్లూని చూశాను. రెండూ ఉన్నచోటే అణిగి ఉన్నాయి.

అయినా ఇంటికెళ్ల బుద్ధి కాలేదు. సాయంత్రం కారు తిరిగొచ్చేదాకా ఆ టీకొట్టు దగ్గరే అటూ ఇటూ తిరిగాను. నవనీత ఒళ్లో బిడ్డ నిద్రపోతోంది. వినోద్ ఆపబోతే పొమ్మని చెయ్యూపి, స్కూటరు తీసి మదనపల్లె దాకా ఆ వెనక చక్రాలనే చూసుకుంటూ వచ్చాను.