సుక్కకు బువ్వ బంద్

డాక్టర్ మమతారాణి గారి కుడిచేయి భుజం దాకా మా బర్రె సుక్క లోపల ఉండగానే శుభవార్త వచ్చింది.

"కట్టింది," అన్నారావిడ, కళ్లు మూసుకుని తడిమి చూస్తూ. "రెండున్నర నెలల చూడి."

నేను గంతేశాను. పెళ్లయి ఇంకా అయిదు నెలలు నిండలేదు. అత్తగారి ముందు గంతులేయకూడదని మా ఇంట్లో ఎవరో చెప్పే ఉంటారు, గుర్తు రాలేదు. సుక్క తల పట్టుకుని నిలబడ్డ మా ఆయన కరుణాకర్ నవ్వాడు. అతను నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుంది. అది చూస్తే నాకు చేతిలో పని మరుపే.

అత్తమ్మ బుచ్చవ్వ మాత్రం కదల్లేదు. "ముందుగాల సెయ్యి బయటికి తియ్యుండ్రి డాక్టరమ్మా, అప్పుడు నమ్ముత."

ఆమె భయం ఆమెది. మా పెళ్లినాటికే సుక్క ఏడాదిగా ఎదకు రాలేదు. దసరా దాకా చూసి అంగడిలో అమ్మేస్తానని తేల్చి చెప్పింది. చెప్పిన రోజు తనే రెండు పూటలూ తినలేదు. సుక్క పుట్టింది ఆమె చేతుల్లోనే.

అసలు చిక్కంతా ఆ ప్రేమతోనే. అత్తమ్మకు ప్రేమంటే అన్నం. ఉత్త వరిగడ్డి వేసి, రోజూ ఇంత రేషన్ బియ్యం వండి కుడితిలో కలిపేది. మా పెళ్లిలో మిగిలిన బగారన్నమైతే రెండు గంపలు పెట్టింది. మర్నాటికి సుక్క కడుపు ఉబ్బి, నెమరు ఆగిపోయింది. కొత్తకోడలిగా ఆ ఇంట్లో నేను చేసిన మొదటి పని పశువుల డాక్టరుకు ఫోన్ చేయడం.

అన్నం కడుపులో పులిసిపోతుందనీ, వరిగడ్డి ఒక్కటే చాలదనీ, పచ్చిగడ్డి, కొద్దిగా దాణా, లవణాల పొడి రోజూ పడితేనే ఎదకొచ్చి ఏళ్ల తరబడి పాలిస్తుందనీ డాక్టరమ్మ చెప్పారు.

"డిగ్రీ సదివిన కోడలొచ్చి బర్రెకు బువ్వ బంద్ వెట్టింది," అని అత్తమ్మ వాడంతా చాటింది.

నేనూ తక్కువదాన్ని కాదు. డాక్టరమ్మ ఏ మార్పైనా మెల్లగా చేయమంటే, మొదటిరోజే ఆ పొడిని గుప్పెళ్లతో బకెట్లో పోశాను. సుక్క వాసన చూసి, బకెట్‌ను తలతో ఒక్క తోపు తోసింది. నా పెళ్లి చీరల్లో ఒకటి అక్కడితో సరి. అత్తమ్మ నవ్వు ఆపుకోలేక కూలబడింది.

"ఇటు తే పోరీ. తవుడు నానవెట్టి, దాంట్ల ఇన్ని బెల్లం నీళ్లు సల్లి, పొడి ఒక్క చెంచ కలుపు. పసిపిల్లకు మందు తాపినట్టు."

సుక్క బకెట్ నాకి పెట్టింది. ఆనాటి నుంచి కలపడం మా ఇద్దరి పని అయింది. నా గాజుల నిండా తవుడే. అయినా అప్పుడప్పుడు అత్తమ్మ వీపు వెనక దాచిన అన్నం ముద్దతో దొరికిపోయేది.

"ఒక్కటే ముద్ద బిడ్డా, గది నా దిక్కే సూస్తుంది."

"నేను గూడ సూస్తున్న అత్తమ్మా, నాకు వెట్టు," అని ఆ ముద్ద నేనే తినేసేదాన్ని. అట్లా నేను రెండు కిలోలు పెరిగాను.

జూలైలో ఒక తెల్లవారుజామున సుక్క ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. ఎదకొచ్చింది! ఆ రోజే చూడి కట్టే సూది వేయించాం. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా అత్తమ్మ మనసు మనసులో లేదు.

డాక్టరమ్మ చేయి తీసి, పొడుగాటి గ్లవ్ విప్పారు. "ముమ్మాటికీ చూడే."

అత్తమ్మ సుక్క మెడకు చెంప ఆనించింది. "అంగడి లేదు, గింగడి లేదు," అంది దాని చెవిలో.

"అయితే గట్ల మీద కోసుకొచ్చే గడ్డి ఎండాకాలం దొరకదు," అన్నారు డాక్టరమ్మ. "అప్పుడే కడుపులో దూడ పెరిగేది. పచ్చిగడ్డికి ఇప్పటి నుంచే చూసుకోండి."

అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని నావైపు తిరిగింది. "మీ బాపు గడ్డి పెంచుతుండంటివి గదా?"

"అవునత్తమ్మా, మనిషెత్తు పెరిగింది. కోసినా కొద్దీ వస్తది."

"కర్ణా, బోరు కాడి కూరగాయల మడి తీసేద్దాం."

"అవ్వా, మరి నీ వంకాయలు?" కరుణాకర్ నోరు తెరిచాడు.

"వంకాయలు అంగట్ల దొరుకుతయ్ రా. రేపు తొలి బస్సుకు నేను, కోడలు వేములవాడ దిక్కు దాని తల్లిగారింటికి పోయి, నాటెటందుకు గడ్డి కాడల ముక్కలు తెస్తం. మేమొచ్చేసరికి నువ్వు మడి దున్ని, నీళ్లు వెట్టి ఉంచాలె."