పాట ఎత్తుకునే మనిషి

తువాలు కింద యేసుకుమార్ ముఖమంతా చెమట పట్టింది. మరిగించిన పసుపు నీళ్ల ఆవిరి కళ్లను మండించి, గడ్డం మీదుగా బొట్లు బొట్లుగా జారి మళ్లీ గిన్నెలోనే పడుతోంది. ముక్కు మాత్రం ఎక్కడిదక్కడే బిగుసుకుని కూర్చుంది. కుడి రంధ్రం కాసేపు తెరిచినట్టే తెరిచి, అతను ఆశపడి గట్టిగా పీల్చేలోగా మూసుకుపోయింది. ఎడమది ఆ పాటి మొహమాటం కూడా పడలేదు.

"ఇంక లేవయ్యా, నీళ్లు చల్లారిపోయినై," అంది ఫ్లోరా. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే ఇల్లు చేరిన నర్సు ఆవిడ. భర్త ముక్కు సంగతి తేలకుండా నడుం వాల్చబుద్ధి కాక వంటగది గుమ్మంలోనే నిలబడింది.

"కాస్త వదులైనట్టే ఉందే."

"రోజూ ఇదే మాట. వాసన తెలుస్తందా?"

పసుపు వాసన ఎలా ఉంటుందో అతనికి గుర్తుంది. గుర్తుండటం వేరు, ముక్కు చెప్పడం వేరు. తువాలు తీసి తల ఎత్తేసరికి నుదుటి వెనకాల ఏదో బరువు దొర్లుకుంటూ వచ్చి కనుబొమల మీద ఆగింది. బుగ్గ ఎముకల కింద మొదలైన సలుపు పైపళ్ల దాకా దిగింది.

ఏ వైద్యం వదిలాడు గనక! పసుపు కొమ్ము కాల్చి ఆ పొగ పీల్చాడు. సొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకున్నాడు. కింది వాటాలో ఉండే పంజాబీ ఆయన చూపించాక, ముక్కుచెంబుతో ఒక పక్క నుంచి ఉప్పునీళ్లు పోసి రెండో పక్క నుంచి వదిలే విద్య కూడా నేర్చుకున్నాడు. దేనికదే కొంచెం మేలు చేసేది. ఉత్తమ్ నగర్‌లోని ఆ రెండు గదుల్లో తెరుచుకున్న ముక్కు వీధి మలుపు తిరిగేసరికి మూసుకుపోయేది. డాక్టరు స్ప్రేలూ మాత్రలూ రాసి, ఆఖర్న, చలికాలం వెళ్లేదాకా ఢిల్లీకి దూరంగా ఉండగలరా అని అడిగాడు. ఢిల్లీలో ఉద్యోగం చేసుకుని బతికేవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది!

"షారన్ ఫోన్ చేసింది. కాంతమ్మ పిన్ని నిన్ను రమ్మంటందంట. సాయంత్రం డ్యూటీ దిగి అట్నుంచి అటే పో," అని ఫ్లోరా లోపలికి వెళ్లింది.

కాంతమ్మను వారం కిందట ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. ఇంక చేయగలిగింది లేదని ఆ పంపడంలోనే ఉంది. ఆవిడ ఎందుకు రమ్మంటోందో కూడా అతనికి తెలుసు. అతను ఆవిడకు మాట ఇచ్చి ఉన్నాడు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకునే ముక్కూ గొంతూ తనకు లేవని అతని భయం.

కాంతమ్మది అతని తల్లి ఊరే, రేపల్లె దగ్గర. ఢిల్లీలో పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసింది. చదువు అబ్బని యేసుకుమార్‌ను రైలెక్కించుకుని తెచ్చి, అదే ఆసుపత్రి లాండ్రీలో కుదిర్చి, పెళ్లి కూడా తనే కుదిర్చింది. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి చేసింది. జనక్‌పురిలో ఒక బడి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు తెలుగువాళ్లు ఆరాధన జరుపుకుంటారు. అక్కడ అతను మూల నిలబడి గొణుక్కుంటుంటే విని, చెయ్యి పట్టుకుని ముందు వరుసలోకి లాగింది.

ఆ తెలుగువాళ్ల ఇళ్లల్లో ప్రార్థనకైనా, చనిపోయినవాళ్ల భూస్థాపనకైనా ఎవరో ఒకరు పాట ఎత్తుకోవాలి. పక్కన వాయిద్యం ఉండదు. ముసలమ్మల గొంతులూ, మగవాళ్ల గొంతులూ, చంటిపిల్లల గొంతులూ అన్నీ అందుకోగలిగిన ఎత్తులో మొదటి పాదం పడాలి. ఎక్కువైతే చరణంలో అందరూ గాలిలో వేలాడతారు. తక్కువైతే పాట నేల మీద దేకుతుంది. యేసుకుమార్ గాయకుడేమీ కాదు. కచేరీ పెడితే సగంలో లేచి వెళ్లేవాళ్లే ఎక్కువ. కానీ ఆ మొదటి పాదం ఎక్కడ పెట్టాలో అతనికి తెలుసు. ఆసుపత్రి గేటు దగ్గర గార్డు ఇన్నేళ్లలో అతని పేరు అడిగి ఎరగడు. ఆదివారం మాత్రం పాస్టరుగారు పుస్తకం మూసి అతని వంక చూసేవారు. ఆ చూపు కోసమే అతను వారమంతా దుప్పట్లు మడతపెట్టేవాడు.

"నేను పోయినప్పుడు పాట నువ్వే ఎత్తుకోవాల," అని కాంతమ్మ రెండు చలికాలాల కిందట అతని చేత మాట తీసుకుంది. ఫలానా కీర్తన అని కూడా చెప్పింది. అది వాళ్ల ఊళ్లో సాయంకాలపు ప్రార్థనల్లో పాడుకునేది, నిదానమైనది.

మొన్న సంఘంలో జరిగిన కోత పండుగ నాడు అతని పరువు పోయింది. చెవులు దిబ్బెళ్లు వేసి ఉన్నాయి. తన గొంతు తన తలలోనే పెద్దగా మోగుతోంది తప్ప బయటి గొంతులు అందటం లేదు. అలాగే ఎత్తుకున్నాడు. పల్లవి రెండో పాదానికే ఆడవాళ్లు ఆగిపోయారు. మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు దగ్గు తెచ్చుకున్నారు. బ్యాంకులో పనిచేసే స్టీవ్ గబగబా కీబోర్డు మీట నొక్కి పాటను కిందకి దించి ఒడ్డున పడేశాడు. ఎవరూ ఏమీ అనలేదు, అదే అతనికి ఎక్కువ బాధ. మరుసటి ఆదివారం నుంచి వెనక బెంచీలో కూర్చుంటున్నాడు.

మెట్రో దిగి ఆసుపత్రి దాకా నడిచేసరికి పొద్దున పట్టిన ఆవిరి ఫలమంతా పోయింది. సూర్యుడు పొగ వెనక వెలవెలబోతున్నాడు. ఎక్కడో పొలాల్లో కాల్చిన గడ్డి పొగ, ఇక్కడ ఫ్లైఓవరు కింద తవ్విపోసిన మట్టి, చలి కాచుకోవడానికి గార్డులు అంటించిన చెత్త మంట, అన్నీ కలిసి గొంతులో పొరలా పేరుకున్నాయి. మాస్కు లోపల నోటితోనే ఊపిరి తీస్తూ వెళ్లి లాండ్రీ తలుపు తోశాడు.

అక్కడ వేరే వాతావరణం. డ్రయ్యర్ల వేడి, బ్లీచింగు ఘాటు. ఎండిన దుప్పటిని ఇద్దరు చెరో చివరా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే నూలు పీచు లేచి ట్యూబులైటు వెలుగులో తేలుతుంది. యేసుకుమార్ జీవితమంతా ఆ పీచులోనే గడిచింది. దుప్పటి అంచులు కలిపి, అరచేత్తో ముడత సాగదీసి, వార్డువారీగా దొంతులు పెట్టాడు. వంగినప్పుడల్లా నుదుట్లో బరువు ముందుకు దొర్లింది, నిటారుగా నిలబడితే వెనక్కి పోయింది.

మధ్యాహ్నం డబ్బా తెరిచి గోంగూర పచ్చడి కలుపుకున్నాడు. పులుపు నాలుక మీద తెలిసింది, అంతే. గోంగూర అని తెలియలేదు. పక్కన యంత్రాల హోరు ఉంది కదా అని, ఆ చాటున కాంతమ్మ అడిగిన కీర్తన మెల్లగా ఎత్తి చూసుకున్నాడు. సరిగ్గానే ఉన్నట్టుంది. కోత పండుగ నాడు కూడా సరిగ్గానే ఉన్నట్టుందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

డ్యూటీ దిగి జనక్‌పురి చేరేసరికి వీధి దీపాలు పొగలో పచ్చగా వెలుగుతున్నాయి. షారన్ తలుపు తీసింది. గుడ్‌గావ్‌లో ఉద్యోగం చేసే పిల్ల, తల్లి కోసం సెలవు పెట్టి ఇంట్లో ఉంటోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అంకుల్, సుబహ్ సే కుఛ్ నహీ ఖాయా. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. కొంచెం వాటర్ తాగింది, బస్."

కాంతమ్మ మంచంలో పసిపిల్లంత అయిపోయింది. ఒకప్పుడు వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడిన గొంతు ఇప్పుడు పెదవుల దాకానే వస్తోంది. అతన్ని చూసి, తన సంగతి పక్కన పెట్టి నర్సులా ఆరా తీసింది.

"నోటితోనే ఊపిరి తీస్తన్నావేరా? పక్కన గూర్చో. షారన్, కాసింత వాము పెనం మీద వేయించి గుడ్డలో మూటగట్టి తే."

"నాకెందుకు పిన్నీ ఇప్పుడు..."

"కూర్చోమన్నానా."

షారన్ వేడి మూట తెచ్చింది. కాంతమ్మ దాన్ని తన చేతికి తీసుకుంది. అతని కనుబొమల మధ్య, ముక్కు పక్కల, బుగ్గ ఎముకల కింద ఒత్తింది. అతను ఆవిడ ముందు వంగి కూర్చున్నాడు. వాసన రాలేదు గానీ వేడి లోపలికి దిగింది, దానితో పాటు ఏడుపూ తన్నుకొచ్చింది.

"ఇప్పుడు పాడు," అంది కాంతమ్మ.

"ఇప్పుడేంది పిన్నీ?"

"నేను పోయాక పాడితే నాకేం వినపడిద్దిరా? ఊళ్లోవాళ్లకి వినపడిద్ది. నాకు వినాలని ఉంది."

"గొంతు నా మాట వినటంలా పిన్నీ. కోత పండుగ సంగతి నీకు చెప్పే ఉంటారు. ముక్కు కాస్త తెరిపిడి పడనీ."

కాంతమ్మ పెదవి ఒక పక్కకు నవ్వింది. "నీ ముక్కు తెరిపిడి పడిందాకా నేను ఆగుతానంటరా?"

అతను ఎత్తుకున్నాడు. రెండు మాటలు పాడాడో లేదో కాంతమ్మ అరచేయి దుప్పటి మీద బోర్లించి కిందకి కిందకి అంది, పరిగెడుతున్న పిల్లవాణ్ణి నిదానించమన్నట్టు. మళ్లీ ఎత్తుకున్నాడు. ఇంకా కిందకి అంది. మూడోసారి ఆగిపోయి తల దించుకున్నాడు.

"ఏ చెవి వినపడిద్ది నీకు?"

"ఈ కుడిది కొంచెం నయం."

"ఇట్రా."

కుడి చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. కాంతమ్మ కళ్లు మూసుకుని, పెదవులు కలిపి, మొదటి పాదం సన్నగా కూనిరాగం తీసింది. అది అందింది. అతను తల కదల్చకుండా, ఊపిరి కూడా జాగ్రత్తగా తీసి, దాని పక్కనే తన గొంతు ఆనించాడు. ఆనింది! తన కింద నేల దొరికినట్టు అతనికి తెలిసింది. పల్లవి పాడాడు. ఆవిడ రాగం పక్కనే నడుస్తోంది. చరణం ఎక్కాడు. ఎక్కడా గాలిలో వేలాడలేదు. వారాల తరబడి గుండెల మీద ఉన్న దిగులు ఆ చరణంతో దిగిపోయింది. తను ఇంకా పనికొచ్చే మనిషే! కళ్లు మూసుకున్నాడు. కీర్తనలో ఎన్ని చరణాలున్నాయో అన్నీ పాడాడు, ఊళ్లో పాడినట్టే, ప్రతి చరణానికీ పల్లవి తిరగేసి పాడాడు. కూనిరాగం ఆఖరి దాకా చెవిలోనే ఉంది.

కళ్లు తెరిచేసరికి కాంతమ్మ తల అతని వైపే ఒరిగి ఉంది. నిద్రపట్టిందనుకున్నాడు.

"సరిపోయిందా పిన్నీ?" అన్నాడు మెల్లగా.

గుమ్మంలో నిలబడి ఉన్న షారన్ ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చింది. తల్లి ముక్కు దగ్గర వేళ్లు పెట్టింది, మెడ మీద పెట్టింది.

"అంకుల్..." అంది. "కబ్ సే? ఎప్పటినుంచి?"

యేసుకుమార్ ఆవిడ వంక, షారన్ వంక మార్చి మార్చి చూశాడు. అతనికి తెలియదు. రెండో చరణంలోనో, మూడో చరణంలోనో. ఆఖరి దాకా పక్కన నడిచిందనుకున్న రాగం, మూసుకుపోయిన తన చెవిలో మోగిన తన గొంతే. ఆవిడ ఏ పాదం దగ్గర ఆగిందో, ఆమె నోటికి చెవి ఆనించి కూర్చున్నవాడికే తెలియలేదు. అతను మంచం అంచున ముఖం పెట్టి, పెద్దవాడినన్న సంకోచం లేకుండా ఏడ్చాడు.

గంట తిరక్కుండానే సంఘంవాళ్లు వచ్చారు. ఫ్లోరా డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. పాస్టరుగారు పుస్తకం మూసి, అలవాటుగా యేసుకుమార్ వంక చూశారు. గదిలో అందరూ చూశారు. స్టీవ్ కూడా వట్టి చేతులతో గోడకి ఆనుకుని అతని కోసమే చూస్తున్నాడు.

"ఆవిడకి పాడేశానండి," అన్నాడు యేసుకుమార్. "ఇంక మీరు ఎత్తుకోండి."

స్టీవ్ ఎత్తుకున్నాడు. కొంచెం తక్కువలోనే ఎత్తుకున్నాడు. అయినా అందరూ అందుకున్నారు.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ మంచం దగ్గరికి వెళ్లి, ఇంత ఘాటుగా వాము ఎవరు వేయించారని షారన్‌ను అడిగారు. యేసుకుమార్ ఆవిడ వేళ్ల పక్కకి వంగి, గుండెల నిండా ఊపిరి తీయబోయాడు. ఏమీ రాలేదు. ఇల్లంతా వాసన నింపుతున్న ఆ చిన్న గుడ్డమూట కాంతమ్మ అరచేతి పక్కన చల్లారిపోయి ఉంది.