మూడు తుపాకుల పెళ్లి

కూతురి పెళ్లిరోజు పొద్దున గిల్బర్ట్ రాంకిన్ అవిసె చేలో కలుపు తీస్తున్నాడు. అది ఆడవాళ్ల పని. కానీ ఆడవాళ్లిద్దరూ పెళ్లికి వెళ్లిపోయారు, ఆయన రానన్నాడు. రానన్నవాడు ఇంట్లో ఊరికే కూర్చుంటే బాధపడుతున్నట్టు ఉంటుంది కదా. అందుకని లేత మొక్కలు నలగకుండా బూట్లు విప్పి గట్టున పెట్టి, వంగి వంగి పీకుతున్నాడు. కలుపుతో పాటు అవిసె మొక్కలు కూడా చాలానే పీకాడు.

కోపం కూతురి మీద కాదు, పెళ్లికొడుకు మీదా కాదు. కాన్రాడ్ మంచి పిల్లాడే. కోపమంతా కాన్రాడ్ తండ్రి బాల్తజార్ వెండెల్ కట్టిన కోట మీద. రెండేళ్ల కిందట నీలికొండ దిగువ పల్లెలన్నీ కలిసి, దాడులు జరిగితే తలదాచుకోవడానికి ఒక దుంగల కోట కట్టుకోవాలనుకున్నాయి. మా ఊట దగ్గర కట్టండి, నీళ్లకు లోటుండదన్నాడు గిల్బర్ట్. వెండెల్ తన రాతి ఇంటి చుట్టూనే కట్టించి, కాపలా దళానికి కెప్టెన్ కూడా తనే అయ్యాడు. "ఆ కోటలో చచ్చినా కాలు పెట్టను" అని గిల్బర్ట్ నలుగురిలో అనేశాడు. ఆ తర్వాత రెండుసార్లు దాడి భయం వస్తే భార్యనూ కూతుర్నీ కోటకు పంపి, తను తుపాకీ పట్టుకుని ఇంట్లోనే కూర్చున్నాడు. ఇప్పుడు పెళ్లి అదే కోటలో. కాపలా లేని చోటికి రానని పాస్టరుగారు తేల్చి చెప్పారు మరి.

"నువ్వు రాకపోతే నాకు పెళ్లయినట్టే ఉండదు నాన్నా," అంది మార్జరీ వెళ్లేముందు.

"నేనెందుకే? పాస్టరున్నాడు, మీ అమ్ముంది."

"మీ నాన్న మాట మీద నిలబడే మనిషమ్మా," అంది ఆయన భార్య జీన్ మూట కట్టుకుంటూ. "రెండు రోజులూ ఆ మాటనే వండుకుని తింటాడులే, పద."

ఎండ నడినెత్తికి రాకముందే తుపాకీ పేలింది. కాస్త ఆగి ఇంకొకటి. మళ్లీ అంతే ఆగి మూడోది.

సమంగా ఆగి ఆగి మూడు దెబ్బలు పేలితే దాడి అని, వెంటనే కోటకు పరుగెత్తాలని లోయలో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు. పెళ్లికొడుకు తరలివచ్చేటప్పుడూ తుపాకులు పేలుస్తారు గానీ ఆ సంబరం వేరు. ఇరవై ముప్పై తుపాకులు ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు ఢాం ఢామని పేలుస్తారు. ఇవి మూడే. అవీ కోట వైపు నుంచి. కూతురు అక్కడే ఉంది.

కిందటేడు ఏటి అవతల రెండిళ్లు తగలబడ్డాయి. ఈ నేల అంతకుముందు, ఈ దాడులు చేసే డెలవేర్ అనే ఆదివాసీ తెగవాళ్లదని, వాళ్ల కోపానికి కారణం ఉందని గిల్బర్ట్‌కి తెలుసు. తెలిసినందువల్ల ఆ నిమిషంలో ఆయనకు ధైర్యమేమీ రాలేదు.

గట్టు మీద తుపాకీ అందుకున్నాడు. పక్కనే ఉన్న బూట్లు కంటికి ఆనలేదు. చచ్చినా కాలు పెట్టనన్న మాట కూడా గుర్తు రాలేదు. మైలు దూరం ముళ్లూ మోళ్లూ చూసుకోకుండా పరుగెత్తాడు. దారి పొడవునా జనం. ఎవరికి ఏది ప్రాణమో దాన్ని చంకనెత్తుకుని వస్తున్నారు. ఒకాయన ఈకల పరుపు మోస్తున్నాడు, ఒకావిడ రెండు పంది తొడలూ ఒక కోడీ పట్టుకుంది, ముసలి ఉర్సులా పొయ్యి మీది కుండను పొగలు కక్కుతుండగానే తెచ్చేసింది.

గిల్బర్ట్ లోపలికి వచ్చిపడ్డాక కోట తలుపు మూసి అడ్డదూలం వేశారు.

"మార్జరీ ఏదీ? నా పిల్ల ఏదీ?"

ఫిడేలు వాయించేవాడు కమాను పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. టోపీలకు రంగు రిబ్బన్లు కట్టుకున్న పెళ్లికొడుకు స్నేహితులు, పొగ ఆరని తుపాకులతో నేలచూపులు చూస్తున్నారు.

"మేమే పేల్చాం మావయ్యా," అన్నాడు కాన్రాడ్. "నాన్న మూడు దెబ్బలకే మందు ఇచ్చాడు. అది కూడా దళం పరువు పోకుండా ఒకరి తర్వాత ఒకరు పద్ధతిగా పేల్చమన్నాడు."

"తుపాకిమందంటే మాటలా?" అని గొణిగాడు వెండెల్. ముఖం కందగడ్డలా ఉంది. "ముప్పై దెబ్బలు గాల్లోకి తగలేస్తామా?"

"పదిమందికే పెళ్లి భోజనమన్నావటగా కెప్టెనూ," అంది ఉర్సులా కుండ దించుతూ. "లోయంతటినీ భలే పిలిచావయ్యా. కూర కూడా మాచేతే మోయించావు."

పరుపు మోసుకొచ్చినాయన ముందు నవ్వాడు. ఆ తర్వాత కోటంతా నవ్వింది, గిల్బర్ట్ తప్ప.

"తలుపు తీయించు, నేను పోతాను," అన్నాడు వెండెల్‌తో.

"కుదరదు. మూడు దెబ్బలు పేలితే కాపలావాళ్లు కొండవైపు చూడబోతారు, వాళ్లు తిరిగొచ్చేదాకా తీయకూడదు."

"దాడీ లేదు గీడీ లేదని నీకూ తెలుసు కదయ్యా."

"తెలుసు. అయినా నిబంధన నిబంధనే. వాళ్లొచ్చేసరికి సాయంత్రమవుతుంది, వియ్యంకుడుగారూ." ఆ చివరి మాట కావాలనే సాగదీశాడు వెండెల్.

"కోటలో చచ్చినా కాలు పెట్టనన్నావుగా గిల్బర్టూ?" అని వెనక నుంచి ఎవరో చురక అంటించారు.

అప్పటికే నీలం గౌనులో మార్జరీ వచ్చి ఎదురుగా నిలబడింది. తండ్రి కాళ్లు చూసింది. మట్టి, నెత్తురు, మడమలో విరిగిన ముల్లు. ఆ పిల్లకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"నేను మీ కోటకు రాలేదు," అన్నాడు గిల్బర్ట్, కూతురి మీంచి చూపు తిప్పకుండా. "నా పిల్ల దగ్గరకొచ్చాను. దీని చుట్టూ మీరు కోట కట్టుకుంటే నేనేం చెయ్యను?"

జీన్ నీళ్లు తెచ్చి ఆయన కాళ్లు కడిగింది. వెండెల్ లోపలికెళ్లి తన ఆదివారం బూట్లు తెచ్చి ముందు పెట్టాడు. పాస్టరుగారు పిల్లను ఎవరిస్తున్నారని అడిగితే, గిల్బర్ట్ చెప్పిన జవాబు బురుజు మీద కాపలావాడికి కూడా వినిపించింది. పదిమంది పెళ్లి నూటపాతిక మంది పెళ్లయింది. పంది తొడలు వేగాయి, ఉర్సులా కుండ ఖాళీ అయింది, ప్రాణంగా తెచ్చుకున్న కోడి కూడా దక్కలేదు.

సాయంత్రం కొండవైపు వెళ్లినవాళ్లు వచ్చారు. అడ్డదూలం తీసి తలుపు బార్లా తెరిచారు. ఒక్కరూ కదల్లేదు.

"గిల్బర్టూ, తలుపు తీశారు," అన్నాడు వెండెల్. "పోతానన్నావుగా."

గిల్బర్ట్ కూతురి చెయ్యి పట్టుకుని ఫిడేలు పాటకు ఆడుతున్నాడు. జూన్ నెల, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆట ఆపకుండానే అన్నాడు:

"చలిగాలి కొడుతోందయ్యా, ఆ తలుపు వేసెయ్."

వెండెల్ తనే వెళ్లి వేశాడు.