తొంభై రెండో బూత్

పార్లమెంటుకి పోటీ చేసిన ప్రతి అభ్యర్థికీ, గెలిచినా డిపాజిట్ పోగొట్టుకున్నా, ఎన్నికల ఆఫీసు రికార్డు గదిలో ఒక కట్ట ఉంటుంది. అభ్యర్థి తన కట్టలో ఏముందో తెలుసుకోవాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితం మాత్రం చేతికివ్వరు. ఎప్పుడో ఒక పెద్దమనిషి చూస్తానని తీసుకుని అంకె దిద్ది పోయాడట. అప్పట్నుంచీ గుమస్తా చదవాలి, అభ్యర్థి వినాలి, చివర ఇద్దరూ సంతకం పెట్టాలి. మొదలుపెడితే మొదటి ఎన్నిక నుంచి ఆఖరి ఎన్నిక దాకా చదవాల్సిందే.

ఆ చదివే గుమస్తా పదకొండేళ్లుగా అదే కుర్చీలో ఉంది. వచ్చేవాళ్లలో ఓడినవాళ్లే ఎక్కువ. గెలిచినవాళ్లకి వెనక్కి తిరిగి చూసే తీరిక ఎక్కడిది?

ఆ రోజు టేబుల్ మీదున్న దరఖాస్తు చేతిరాత చూడగానే ఆమె పోల్చుకుంది. పొద్దున తన చేత్తో టీ ఇచ్చి వచ్చిన మనిషి. రాత్రంతా ఒకే ఇంట్లో ఉండి, ఒక్క ముక్క చెప్పలేదు. అది వాళ్ల నాన్న దరఖాస్తు.

ఆయనది కళ్లద్దాల షాపు. గొడుగు గుర్తు మీద అయిదుసార్లు స్వతంత్రంగా నిలబడ్డాడు కాబట్టి ఊరు ఊరంతా గొడుగాయన అనే పిలుస్తుంది. ఎండాకాలం ఎన్నికల్లో గొడుగేమిటని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆయన అడిగింది ఒక్కటే, రైలు గేటు మీద వంతెన. ఆ గేటు పడితే అరగంటకి గానీ లేవదు. అలాంటి ఒక అరగంటలోనే, ఆసుపత్రి దారిలో, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న ఆయన పెద్దకొడుకు తల్లి ఒళ్లో కన్నుమూశాడు. గుమస్తా అప్పటికింకా పుట్టలేదు.

తల్లికి ఈ పోటీలు గిట్టేవి కావు. గొడుగు పోస్టర్లు ఇంటికి రాగానే గిన్నెల మోత మొదలయ్యేది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు ఇంట్లో గెలవండి చూద్దాం," అనేది. "అయితే నీ ఓటు నాకు లేనట్టేనా?" అని ఆయన అడిగితే, "ఓటు రహస్యమని ఊరంతా చెప్పేది మీరే కదా?" అని లోపలికి వెళ్లిపోయేది. ఆయన మళ్లీ అడిగేవాడు కాదు. బూత్‌ల వారీ లెక్క అందరు అభ్యర్థులూ ఎగబడి చూసుకునేదే. ఆయన మాత్రం, అది పక్కవాడి జేబులో చెయ్యి పెట్టడమేనని ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు దరఖాస్తులో రాసింది అదే: మా వీధి బూత్, తొంభై రెండు, అయిదు ఎన్నికలూ.

భోజనాల వేళ గుమస్తా కట్ట విప్పింది. అయిదు కాగితాలూ చూసింది. మళ్లీ చూసింది. తర్వాత అన్నం డబ్బా తెరిచి, తినకుండానే మూసేసింది.

సంగతేమిటంటే, ఆమె తండ్రికి ఎన్నడూ ఓటెయ్యలేదు. ఓటు హక్కు వచ్చాక మూడుసార్లూ, ఎలాగూ గెలవడు కదా, ఓటు వృథా ఎందుకని పెద్ద పార్టీకి వేసింది. ఇంటికొచ్చి, "నీకే వేశాను నాన్నా," అని మూడుసార్లూ చెప్పింది. అంత తెలివి ఆఫీసులో పనిచేసేవాళ్లకే వస్తుంది మరి!

సూపరింటెండెంటు ఆమె మొహం చూశాడు. "మీ నాన్నగారని తెలిసిందమ్మా. పక్క సెక్షన్ వాళ్లతో చదివించమంటావా?"

"వద్దు సార్. నేనే చదువుతాను."

మూడింటికి ఆయన వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. నామినేషన్ రోజున కూడా ఇలాగే వచ్చేవాడు. కూతురు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదమ్మా. నీ ఓటు సంగతి నాకు తెలుసు. మీ అమ్మదే తెలీదు. పోయి ఆరేళ్లయింది, ఇంకెవర్ని అడగను?"

ఆమె మొదటి కాగితం తీసింది. "మొదటి ఎన్నిక. నియోజకవర్గం మొత్తం మీద మూడువందల పదకొండు. తొంభై రెండో బూత్‌లో రెండు."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "రెండా?"

"రెండు."

"ఒకటి నాది. వీధిలో ఇంకెవరూ నాకు వెయ్యరు. అప్పటికి నీకు తొమ్మిదేళ్లు."

"అవును నాన్నా. రెండో ఎన్నిక. మొత్తం రెండువందల నాలుగు. తొంభై రెండో బూత్‌లో రెండు."

ముసలాయన మొహం విప్పారింది. కళ్లు నిండినా తుడుచుకోలేదు. "ఎంత సాధించిందమ్మా మీ అమ్మ! పోస్టర్లన్నీ పొయ్యిలో పెడతానని బెదిరించి, వెళ్లి గొడుగు మీద గుద్దొచ్చిందా!" అని నవ్వాడు. "చాలు, ఆపెయ్యి. ఇక మూడోసారి నుంచి నీదీ కలిసి మూడు అయ్యుంటాయి. అది నాకు తెలిసిందే కదా. సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆయనే చాలన్నాడు. సూపరింటెండెంటు తల పక్కకి తిప్పుకుని ఫైలు చూస్తున్నాడు. మిగతా మూడూ చదివినట్టు రాసేస్తే అడిగేవాడు లేడు. నాన్న ఇంటికి సంతోషంగా వెళ్తాడు, తను నాన్న దృష్టిలో మంచి కూతురుగానే మిగిలిపోతుంది. కానీ తల్లి అన్నేళ్లు నోరు విప్పకుండా చేసిన పనిలో తను నోటిమాటతో వాటా కొట్టేసిందని ఆమెకి అర్థమైంది.

"మొదలుపెడితే మొత్తం చదవాలి నాన్నా," అంది. "మూడో ఎన్నిక. తొంభై రెండో బూత్‌లో రెండు."

ఆయన నవ్వు అలాగే ఉంది. వినబడలేదనుకుందామంటే చెవులు బాగానే పనిచేస్తాయి.

"నాలుగో ఎన్నిక. రెండు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

అయిదోది తల్లి పోయిన మరుసటి ఏడాది జరిగిన ఎన్నిక. ఆ కాగితం తియ్యడానికి ఆమెకి కొంత సమయం పట్టింది.

"అయిదో ఎన్నిక. మొత్తం నూట పద్దెనిమిది. తొంభై రెండో బూత్‌లో..." అని ఆగి, "ఒకటి," అంది.

ఆ ఒకటి ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఆ రోజు బూత్ నుంచి ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు. దారిలో ఆయన, "మీ అమ్మ లేకపోయినా నువ్వున్నావు," అన్నాడు. ఆమె తలూపింది.

"నాన్నా, నేను..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఓటు రహస్యం. అడక్కూడదు, చెప్పకూడదు. ఆ మాట ఊరికి చెప్పి ఇంట్లో తప్పితే ఎలా?"

ఆయన కలం తీసుకుని, విన్న అంకెల మీద అభ్యంతరం ఉందా అన్నచోట 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు. దాని కింద, ఉన్నది ఉన్నట్టు చదివాను అన్నచోట ఆమె సంతకం పెట్టింది. సిరా మీద కన్నీటి బొట్టు పడితే అద్దుడు కాగితంతో అద్దింది.

ఆయన లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"నాలుగుసార్లు ఇంట గెలిచానన్నమాట," అన్నాడు. తర్వాత వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఈసారి నామినేషన్లకి ఎప్పటిదాకా గడువు?"

"సోమవారం మూడింటి దాకా."

"సెలవు పెట్టు. నా పేరు బలపరుస్తూ సంతకం చేసే పదిమందిలో మన బూత్ ఓటరు ఒకరు ఉండాలి," అన్నాడు. "ఆ సంతకం రహస్యం కాదమ్మా."